వీరమ్మ పులుసులో ఉప్పు

అది 1932వ సంవత్సరం. విరుదునగర్‌లో మా క్రైస్తవ సంఘం నడిపే ట్రైనింగ్ క్లాసులో నేను ఉపదేశిని. ఊరి పేరు మారి కొన్నేళ్లయినా ముసలివాళ్లు ఇంకా విరుదుపట్టి అనే అనేవాళ్లు. మా గుడి వెనక వీధంతా మిరపకాయల గిడ్డంగులు. అక్కడ మూటలు విప్పిన రోజున ఘాటు నేరుగా మా ప్రార్థనలోకి వచ్చేది. కొత్తగా చేరినవాళ్లు మోకాళ్ల మీద ఉండి తుమ్ముతుంటే మొదటివారం నేనేమీ అనేవాణ్ని కాదు. రెండోవారం నుంచి తుమ్మును ఆమెన్ దాకా ఆపుకోవాలని చెప్పేవాణ్ని. అది ఎవరి వల్లా కాలేదు, నా వల్లా కాలేదు.

ట్రైనింగ్ క్లాస్ అంటే ఏమిటో కాస్త చెప్పాలి. కొత్తగా బాప్తిస్మం తీసుకున్న యువకుల్లో సంఘం పని చేయాలన్న ఆశ ఉన్నవాళ్లను పత్తి తీతలు అయిపోయాక పిలిపించి, మళ్లీ విత్తనాల వానలు పడేదాకా మా దగ్గర ఉంచుకునేవాళ్లం. పొద్దున వేదపాఠం. తర్వాత మెమరీ వర్స్, అంటే వాక్యాన్ని తప్పు లేకుండా నోటికి అప్పజెప్పడం. ఎండ తగ్గాక విలేజ్ వర్క్, అంటే ఇద్దరిద్దరుగా చుట్టుపక్కల ఊళ్లకు నడిచివెళ్లి పాటలు పాడి నాలుగు మాటలు చెప్పి రావడం. చివర్లో పనికొస్తాడనుకున్నవాణ్ని ప్రొబేషన్ మీద ఒక ఊరికి పంపేవాళ్లు. అక్కడ కొంతకాలం నిలబడగలిగితే ఉపదేశి అవుతాడు.

పాఠాలన్నీ అరవంలోనే. కానీ కోవిల్‌పట్టి వైపు కరిసల్ ఊళ్ల నుంచి, అంటే నల్లరేగడి పల్లెల నుంచి వచ్చేవాళ్లలో సగంమంది ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే. నేనూ అంతే. తెలుగు చదవడం రాయడం నేను నేర్చుకున్నది ఆ తర్వాత నెల్లూరులో పనిచేసిన కాలంలో. అప్పటిదాకా తెలుగంటే మా అమ్మ నోట విన్నదే తప్ప కాగితం మీద చూసింది లేదు.

క్లాసులో వంట మా ఆవిడ గ్రేసమ్మది. చేతికి ఎముక లేదన్నట్టు వడ్డించే మనిషే కానీ ఆకలికి మాత్రం తట్టుకోలేదు. కుర్రాళ్లకు గంట కొట్టకముందే వంటింట్లో నిలబడి నాలుగు ముద్దలు తినేసేది. నేను ఎగతాళి చేస్తే, వడ్డించే చెయ్యి వణక్కూడదు కదా అనేది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో చివర్లో తెలుస్తుంది.

ఆ ఏడు వచ్చినవాళ్లలో మాసిలామణి ఒకడు. ఇరవై దాటిన వయసు, ఎండకు కమిలిన ఒళ్లు, మాట తక్కువ. కోవిల్‌పట్టిలో పత్తి గింజలు తీసే జిన్నింగ్ ఫ్యాక్టరీలో పనిచేస్తూ అక్కడ ఒక తోటి కూలీ మాటలు విని మాలో కలిశాడు. తండ్రి లేడు. తల్లి వీరమ్మ కోవిల్‌పట్టికి పడమర ఉన్న పల్లెలో కలుపులకు, పత్తి ఏరడానికి పోతూ బతుకుతోంది. ఆమె మాలో కలవలేదు. కొడుకు కలిసినందుకు గొడవా చేయలేదు. బాప్తిస్మంలో పెట్టిన మాసిలామణి అన్న పేరును మాత్రం నోట పలకలేదు. ఆమెకు వాడు ఎప్పటికీ మాడసామే.

శనివారాల్లో టెస్టిమనీ ఉండేది. అంటే తాను ప్రభువు దగ్గరికి ఎలా వచ్చాడో ఒక్కొక్కరు లేచి చెప్పే సాక్ష్యం. కుర్రాళ్లు దీన్ని బాగా సాగదీసేవాళ్లు. చుట్ట మానేసినవాడు కూడా ఆ చుట్టను నరకం అంచుదాకా తీసుకెళ్లి వెనక్కి తెచ్చేవాడు. మాసిలామణి వంతు వచ్చినప్పుడు వాడు తన పాపాల ఊసే ఎత్తలేదు, వాళ్ల నాయన గురించి చెప్పాడు. ఆయన రెడ్ల బావులకు తోలు మోటలు కుట్టేవాడట. వీడు చిన్నప్పుడు మేకలు కాచేవాడు. సాయంత్రం మేకలూ వీడూ ఇల్లు చేరేదాకా ఆయన కూటిచట్టి ముట్టేవాడు కాదట. ఆకలి కాదా నాయనా అని అడిగితే, నువ్వు తింటా ఉంటే చూసినాక తింటేనే నాకు ఒంటబడుతుందిరా అనేవాడట. ప్రభువు చెప్పిన, ఇల్లు విడిచిపోయిన కొడుకు కోసం దారి చూసిన తండ్రి కథ ఫ్యాక్టరీలో విన్నప్పుడు, ఈయన్ని నేనెరుగుదును అనిపించిందని, అందుకే వచ్చానని చెప్పి కూర్చున్నాడు. నేను చాలా టెస్టిమనీలు విన్నాను. అంత చిన్నదీ అంత నిజమైనదీ మరొకటి వినలేదు.

ఆషాఢ శ్రావణాల నడుమ వచ్చే అరవవాళ్ల ఆడి నెల వచ్చింది. కరిసల్ సీమలో ఆ నెల గాలి గురించి అక్కడ పుట్టినవాళ్లకే తెలుసు. కంట్లో, నోట్లో, కూట్లో అంతా దుమ్మే. ఆ నెల అమావాస్యనాడు పోయిన పెద్దలకు కూడు పెట్టడం అక్కడి ఆచారం. ఇల్లు అలికి, పోయినవాళ్లు వాడిన వస్తువు ఒకటి గోడవార పెట్టి, దాని ముందు ఆకు వేసి వండిందంతా వడ్డిస్తారు. తర్వాత కాకికి పెడతారు. కాకి ముట్టాకే ఇంట్లోవాళ్లు తింటారు. ఆకు మీద పెట్టేదాకా ఎవరూ ఒక్క మెతుకు కూడా నోట వేయకూడదు. వండే మనిషి ఉప్పు సరిపోయిందో లేదో కూడా చూడకూడదు. కొడుకున్న ఇంట్లో ఆకు మీద పెట్టేది కొడుకే.

ఆ అమావాస్య ముందు జిన్నింగ్ ఫ్యాక్టరీ కూలీ ఒకతను రైలుకు వచ్చి మాసిలామణికి తల్లి కబురు చెప్పిపోయాడు. వచ్చి నాయనకు కూడు పెట్టాలి, రాకపోతే ఇక తన గడప తొక్కొద్దు. అదీ కబురు.

మా క్లాసులో డిసిప్లిన్ అని ఒకటుండేది. అంటే సంఘం కట్టడి. పోయినవాళ్లకు పెట్టడం, అలా పెట్టినది తినడం రెండూ కూడదు. ఆ పని చేసినవాడు క్లాసు వదిలి వెళ్లిపోవాల్సిందే, ప్రొబేషన్ ఉండదు. ఎవరిమీదో పగతో పెట్టిన కట్టడి కాదది. ఇవాళ ఒక ఆకు, రేపు ఒక కోడి అంటూ వచ్చినవాళ్లు వచ్చినట్టే జారిపోవడం చూసి పెద్దలు పెట్టుకున్నది. నేనూ దాన్ని నమ్మినవాణ్నే.

రెండో రోజున మాసిలామణి మెమరీ వర్స్ అప్పజెబుతూ మధ్యలో ఆగిపోయాడు. పాఠం అయ్యాక నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అయ్యా, పోతే మీకు కాకుండా పోతాను. పోకుంటే మా అమ్మకు కాకుండా పోతాను. నన్నేం చెయ్యమంటారు?"

వాణ్ని తీసుకుని పాస్టరయ్యగారి దగ్గరికి వెళ్లాను. ఆయన తిరునెల్వేలి వైపు మనిషి, మెత్తనివాడు, కట్టడి దగ్గర మాత్రం గట్టివాడు. అంతా విని గడ్డం నిమురుకున్నారు. తల్లిని చూడొద్దని ఏ వాక్యంలోనూ లేదన్నారు. వెళ్లమన్నారు. కట్టెలు కొట్టమన్నారు, నీళ్లు మోయమన్నారు, కాళ్లు పట్టమన్నారు. ఆకు మీద పెట్టడం, దాని తర్వాత తినడం మాత్రం వద్దన్నారు. ఆపైన నావైపు తిరిగి, నువ్వూ తోడు వెళ్లు అన్నారు.

అమావాస్యనాడు పొద్దున్నే రైలెక్కాం. సాత్తూరు దాటేదాకా మాసిలామణి కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. కోవిల్‌పట్టిలో దిగి బండిబాట పట్టాం. ఎదురుగాలికి మా పైపంచెలు ఒంటిమీద నిలవలేదు. అమ్మ నిన్నటినుంచి తిని ఉండదు అన్నాడు వాడు. దారంతా వాడన్న మాట అదొక్కటే.

వీరమ్మ ఇల్లు పేటలో చివరిది. అప్పుడే అలికిన నేల ఇంకా తడిగా ఉంది. గోడవార మడిచిన తువ్వాలు, దానిమీద తోలుకు బెజ్జాలు వేసి కుట్టే ఆరె ఒకటి. దాని పిడి అరిగి నున్నగా ఉంది. అదే ఆ నాయన. దాని ముందు కడిగిన అరిటాకు ముక్క. పొయ్యి పక్కన వరిబువ్వ, వంకాయ పులుసు మూతలు పెట్టి ఉన్నాయి. రోజూ సజ్జసంకటి తినే ఇంట్లో వరిబువ్వ వండడం అంటే ఏమిటో నాకు తెలుసు. వాకిట్లో మాసిలామణి చిన్నాయన కూర్చుని ఉన్నాడు. కొడుకు రాకపోతే తాను పెట్టడానికి స్నానం చేసి వచ్చి ఉన్నాడు.

"వస్తివా మాడా. కాళ్లు కడుక్కోని రా, నాయనకి పెట్టు" అంది వీరమ్మ. సన్నటి మనిషి. గొంతులో కోపం లేదు, నీరసం ఉంది.

మాసిలామణి గడప బయటే నిలబడ్డాడు. "నేను పెట్టకూడదమ్మా. పెట్టినాక తినకూడదు. నిన్ను చూసేదానికి వొచ్చినా."

చిన్నాయన నేల మీద ఉమ్మేసి మొహం తిప్పుకున్నాడు. వీరమ్మ నన్ను లోపలికి పిలిచి, పీటలేదు నేలనే కూర్చోమంది. తనూ ఎదురుగా కూర్చుంది. ఆమె తిడుతుందని నేను సిద్ధపడి ఉన్నాను. తిట్టలేదు.

"అయ్యా, నీకు అమ్మ ఉండాదా?"

"లేదమ్మా. పోయి చాన్నాళ్లాయె."

"ఆమెకి ఏం పెడతారు మీరు?"

"పెట్టేది ఏమీ లేదమ్మా. సమాధికాడ పూలు పెడతాం. పాట పాడతాం."

"తినేదానికి?"

"ఏమీ పెట్టం. ఇప్పుడామెకి ఆకలి లేదని మా నమ్మకం."

నేను ఏదో పెద్ద బోధ చేయాలని చెప్పిన మాట కాదది, అడిగినదానికి చెప్పిన జవాబు. "ఆకలి లేని ఊరా" అంది వీరమ్మ, తనలో తానే అనుకున్నట్టు. "అట్టాంటి ఊరు ఉంటే మంచిదే." ఆ మాటకు నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మా అమ్మ కూడా తన వంతు కూడు మాకు వడ్డించి నీళ్లు తాగి పడుకున్న మనిషే.

అప్పుడు ఆమె ఇంకొకటి అడిగింది. "పెట్టినాక తింటేనే మీ సామికి తప్పు. పెట్టకముందు తింటే?"

నేను ఆలోచించాను. పాఠాలన్నీ మనసులో ఒకసారి తిరగేశాను. ఆకు మీద పెట్టకముందు అది ఆమె వండిన కూడు, అంతకంటే ఏమీ కాదు. తల్లి వండింది కొడుకు తింటే ఎవరికి తప్పు?

"పెట్టకముందు తింటే తప్పులేదమ్మా" అన్నాను.

చిన్నాయన వాకిట్లోంచి లేచాడు. ఆకు మీద పడకముందు ఎంగిలి చేస్తే పోయినవాడు గడప దాటి లోపలికి రాడన్నాడు. ఉప్పు కూడా చూడని కూడు అది, తెలుసా అన్నాడు. తెలియకేం, వీరమ్మకు అందరికంటే బాగా తెలుసు. భయపడింది. పోయిన భర్తకు భయపడింది, ఊరికి భయపడింది. అయినా లేచి పులుసు మూత తీసింది. చిప్పలో కాస్త బువ్వ వేసి పైన పులుసు పోసి గడప దగ్గరికి వచ్చింది.

"మాడా, ఉప్పు చూడు."

మాసిలామణి తల్లి మొహంలోకి చూశాడు కానీ చెయ్యి చాపలేదు.

వీరమ్మ గోడవార ఉన్న ఆరె వైపు చూసి, మరిదితో నెమ్మదిగా అంది. "వీడికంటే ముందు ఆయన ఏనాడన్నా తిన్యాడా? ఈ పొద్దు మాత్రం ఏంటికి తింటాడు. వీడు తినినాక పెడితేనే వొస్తాడు."

అన్న సంగతి చిన్నాయనకూ తెలిసిందే. మళ్లీ ఇంతకుముందు కూర్చున్నచోటే కూర్చున్నాడు.

మాసిలామణి గడపలోపల కూర్చుని తిన్నాడు. వీరమ్మ ఎదురుగా కూర్చుని వాడి చేతినీ నోటినీ చూస్తూ ఉంది. వాళ్ల నాయన ఎలా చూసేవాడో ఆ శనివారం వాడు చెప్పినది నాకు కళ్లముందు కనిపించింది. ఉప్పు సరిగా ఉందా అని ఆమె అడిగితే, సరిగ్గా ఉందమ్మా అన్నాడు. కన్నీళ్లు బువ్వలో పడుతున్నా తుడుచుకోలేదు. నాకూ ఒక చిప్పలో పెట్టింది. మొదటి ముద్ద నోట పెట్టుకున్నాను. పులుసులో ఉప్పే లేదు. రవ్వంతైనా లేదు. మాసిలామణి నావైపు చూశాడు. నేను తల వంచుకుని చప్పటి పులుసు చిప్ప ఖాళీ అయ్యేదాకా తిన్నాను.

తర్వాత మేమిద్దరం చేతులు కడుక్కుని పేట చివర తుమ్మచెట్ల దాకా వెళ్లాం. మరిది లేవబోయినా, నేనే పెడతానని ఆకు మీద వీరమ్మే పెట్టిందట. కాకి త్వరగానే వచ్చిందని చిన్నాయన వచ్చి చెప్పాడు. ఆయన గొంతులో ఇందాకటి బిగువు లేదు, తనకూ ఆకలిగా ఉందన్నాడు. మేం తిరిగి వెళ్లేసరికి వీరమ్మ తన చిప్ప ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. కొడుకు వచ్చి పక్కన కూర్చున్నాకే చెయ్యి పెట్టింది. ముద్ద నోట్లో వేసుకుని ఆగింది.

"ఉప్పు లేదు గదరా."

"లేదమ్మా."

"చెప్పొద్దా? మీ నాయనకీ సప్పిడి పులుసే పెట్టిస్తివే."

అని నవ్వింది. నిన్నటినుంచి తినని మనిషి, కొడుకును పోగొట్టుకున్నాననుకున్న మనిషి, నోట్లో ముద్ద పెట్టుకుని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ముందు మాసిలామణి, తర్వాత చిన్నాయన, ఆ తర్వాత నేను, నలుగురం నవ్వాం. చిన్నాయన లేచి ఉప్పుచట్టి తెచ్చాడు.

విరుదునగర్ చేరాక పాస్టరయ్యగారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆకు మీద పెట్టాడా అని అడిగారు. లేదన్నాను. పెట్టింది తిన్నాడా అన్నారు. పెట్టకముందు తిన్నాడన్నాను. పెట్టకముందు గురించి మన కట్టడిలో ఏమన్నా ఉందా అన్నారు. ఏమీ లేదండి అన్నాను. అయితే మనం కొత్తగా చేర్చొద్దులే అని లేచి, గోడవైపు తిరిగి కళ్లజోడు తుడుచుకున్నారు. ఉప్పు విషయంలో అబద్ధం ఆడినందుకు మాత్రం వాడిచేత రెండు మెమరీ వర్సులు ఎక్కువ చదివించమన్నారు.

ఆ ఏడు చివర మాసిలామణికి నరికుడి వైపు ఒక పల్లెలో ప్రొబేషన్ ఇచ్చారు. పంపే ఆరాధనకు వీరమ్మ వచ్చింది. లోపలికి రాలేదు, మెట్ల మీదే కూర్చుంది. పెద్దలు వాడి తలమీద చేతులుంచి ప్రార్థన చేస్తుంటే గుమ్మంలోంచి చూసింది. బయటికి వచ్చాక కొడుకును, తిన్యావా అని అడిగింది. వాడు నిలబడ్డాడు, మంచి ఉపదేశి అయ్యాడు. ఆ తర్వాత ఏటా ఆడి అమావాస్యకు ఇంటికి వెళ్లేవాడు. ముందు వాడు తినేవాడు, తర్వాత తుమ్మచెట్ల దాకా నడిచి వచ్చేవాడు, తల్లి తినేటప్పుడు పక్కన కూర్చునేవాడు. ఉప్పు లేకపోతే లేదనే చెబుతున్నానని నాకు కబురు పంపాడు. ఆమె చివరిదాకా మాలో కలవలేదు. నేనూ ఆమెను అడగలేదు.

శిష్యుడు కావడం అంటే వదిలి రావడం అని నేను చాలా ఏళ్లు పాఠం చెప్పాను. అది తప్పని ఇప్పటికీ అనను. కానీ వదిలి వచ్చినవాడి వెనక ఒక చట్టి మూత పెట్టి ఉంటుందని, దాని ముందు ఎవరో ఆకలితో కూర్చుని ఉంటారని వీరమ్మ ఇంట్లో చూశాను. అప్పటినుంచి క్లాసులో చేరినవాణ్ని మొదటిరోజు వాక్యం అడగలేదు, టెస్టిమనీ అడగలేదు. నువ్వు తినేదాకా తినకుండా కూర్చునేవాళ్లు ఇంట్లో ఎవరున్నారని అడిగేవాణ్ని. అమ్మ అని కొందరు, అవ్వ అని కొందరు, అక్క అని కొందరు చెప్పేవాళ్లు. నెలకోసారి వాళ్లను ఇంటికి పంపించేవాణ్ని.

ఎవరూ లేరని చెప్పేవాళ్లు కూడా ప్రతి ఏడూ ఒకరిద్దరు ఉండేవాళ్లు. అలాంటివాడు విలేజ్ వర్క్ నుంచి ఆలస్యంగా వచ్చిన రోజున, ఆకలికి తట్టుకోలేని మా గ్రేసమ్మ చట్టి ముందు తినకుండా కూర్చుని ఉండేది.